గట్టు మీది ఫోను

(నంద్యాలలో చేసిన స్మారకోపన్యాస పాఠం. అచ్చు కోసం అక్కడక్కడ మాటలు సవరించాను. సభలో చెప్పింది చాలావరకు చెప్పినట్టే ఉంచాను.)



ఈ ఏడు ఉపన్యాసం నన్ను చేయమన్నప్పుడు, విషయం ఏం పెట్టుకున్నారని నిర్వాహకులు ఫోనులో అడిగారు. "రైతులు తీసి పెట్టే వీడియోలు" అన్నాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మర్యాదగానే, "కుందూ వరదల మీదనో, కేసీ కాలువ మీదనో మాట్లాడతారనుకున్నాం సార్" అన్నారు. వాళ్ల అనుమానంలో తప్పేమీ లేదు. ఈ ఉపన్యాసం ఎవరి స్మారకమో ఆ సారు ఉద్యోగమంతా వ్యవసాయ శాఖలోనే గడిచింది. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఆయన సైకిలు ఎరగని ఊరు తక్కువ. అలాంటి మనిషిని తలుచుకునే సభలో యూట్యూబు ముచ్చట్లేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

సారుతో తిరిగినవాళ్లకు ఒకటి గుర్తుండే ఉంటుంది. ఆయన చేనికి వచ్చి "పంటెట్లుందప్పా?" అని అడిగేవారు కాదు. "పొద్దున లేచినకాడి నుంచి ఏమేం చేసినావో చెప్పు" అనేవారు. ఎద్దులకు ఏం వేసినావు, గొర్రు ఎవరు పట్టినారు, విత్తనాలు ఎవరు పోసినారు, ఇంట్లో ఆడమనిషి ఎన్నింటికి చేనికి వచ్చింది, మళ్లీ ఎన్నింటికి పోయింది. రైతులు విసుక్కునేవాళ్లు. ఎరువు ఎప్పుడొస్తుందో చెప్పకుండా ఈ పోలీసు విచారణ ఏందని ఎగతాళి చేసేవాళ్లు కూడా. పంట గురించి అడిగితే రైతు దాచుకుంటాడు, పక్కవాడి దిష్టికో బ్యాంకువాడి భయానికో ఒక బస్తా తగ్గించి చెప్తాడు. పని గురించి అడిగితే దాచలేడు. అదీ ఆయన లెక్క.

ఇప్పుడు ఆ ప్రశ్నకు ఎవరూ అడక్కుండానే జవాబులు వస్తున్నాయి. తెల్లారుజామున గేదెల కొట్టంలో బల్బు వేసి "అన్నలందరికీ నమస్తే, ఈ పొద్దు మన పని ఇట్ల మొదలైతాంది" అంటాడొకాయన. మడికి నీళ్లు కడుతూ, పార పక్కన పెట్టి ఫోను తీస్తాడొక పిల్లోడు. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ ఒక పెద్దమనిషి ధరను తిడుతుంటాడు. రాత్రి అన్నం తిన్నాక నేను చూసేది ఇవే. సినిమాలు ఎప్పుడో మానేశాను, వీటిని మానలేకపోతున్నాను. "పొలం ఉన్నన్నాళ్లు పొలానికి పోలేదు, ఇప్పుడు ఫోనులో పోతాండావు" అని మా ఇంట్లో దెప్పుతుంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ వీడియోలన్నీ ఒక రకం కావు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరాం 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' ఒక దారి. పల్లె బతుకును చిన్న చిన్న కథలుగా అల్లి నవ్వించే దారి. కూలి పనికి పోయే గంగవ్వ అందులోంచి తెలుగు ఇళ్లన్నింటికీ చుట్టమై, 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. రెండో దారి 'తెలుగు రైతుబడి' లాంటిది. జూలకంటి రాజేందర్ రెడ్డి ఊరూరా తిరుగుతూ రైతును కూర్చోబెట్టి విత్తనం నుంచి అమ్మకం దాకా అడుగుతారు. అడిగేవాడి చదువూ ఓపికా రెండూ అందులో కనిపిస్తాయి. మూడో దారిలో అడిగేవాడు ఉండడు. రైతే ఫోను పట్టుకుంటాడు, రైతే మాట్లాడతాడు, పని మధ్యలో ఆపి తీస్తాడు, మళ్లీ పనిలో పడతాడు. ఈ సాయంత్రం నా మాటంతా ఆ మూడో రకం గురించే.

2016 సెప్టెంబరులో జియో రాకముందు ఇది ఊహకు అందేది కాదు. ఎంబీలు లెక్కపెట్టుకుని వాడుకునే రోజుల్లో చేను మధ్య నుంచి పది నిమిషాల వీడియో ఎక్కించేదెవరు? తర్వాత టిక్‌టాక్ వచ్చి, మాటలు రానివాళ్లకు కూడా కెమెరా ముందు నిలబడే ధైర్యం ఇచ్చింది. 2020 జూన్ చివర్లో దాన్ని నిషేధించారు. ఆ సెప్టెంబరులోనే యూట్యూబు తన షార్ట్స్‌ను మొదట మన దేశంలో దింపింది. టిక్‌టాక్‌లో నాటు పాటకు గంతులేసిన కుర్రాళ్లలో కొందరు అక్కడికి మారి, కాస్త స్థిమితపడి, చేను చూపించడం మొదలుపెట్టారు. పెళ్లి కావాల్సిన కుర్రాడు "నేను సేద్యం చేస్తాను" అని నలుగురికీ తెలిసేలా చెప్పుకోవడం మన ఊళ్లలో ఈమధ్య అరుదైపోయింది. ఈ వీడియోల్లో అది వినిపిస్తుంది. దాని వెనక ఎంత బింకం ఉందో, ఎంత బాధ ఉందో మనకు తెలియనిది కాదు.

అంతకుముందు రైతుతో మాట్లాడిందెవరు? నంద్యాల వాళ్లకు దీని చరిత్ర ఒకరు చెప్పనక్కర్లేదు. 1906లోనే ఇక్కడ వ్యవసాయ పరిశోధనా స్థానం పెట్టారు. నరసింహ పత్తి, సూర్యనంది కొర్ర, నంద్యాల శనగలు ఆ గేటులోంచి బయటికి వచ్చినవే. అక్కడి శాస్త్రవేత్త చెప్పింది అధికారికి, అధికారి చెప్పింది రైతుకు చేరేది. 1963లో కడప ఆకాశవాణి వచ్చాక సాయంత్రం రైతుల కార్యక్రమం అరుగుల మీదికి వచ్చింది. 1969లో అన్నదాత పత్రిక, 1995లో ఈటీవీతోపాటు టీవీలో అన్నదాత. ఎనభైలలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో శిక్షణ–సందర్శన పద్ధతి అని ఒకటి నడిచింది. ఫలానా వారం, ఫలానా రోజు, అధికారి ఫలానా రైతును కలవాలి. ఆ రైతు మిగతావాళ్లకు చెప్పాలి. ఆ 'ఫలానా రైతు' ఎవరో మీకు తెలుసు. ఊళ్లోకి జీపు వస్తే ఆగేది ఎవరి ఇంటి ముందో అతనే. సారు ఈ పద్ధతిలోనే ఉద్యోగం చేశారు, దీన్ని తిడుతూనే చేశారు.

వీటిలో దేన్నీ నేను తక్కువ చేయడం లేదు. రేడియోలో పురుగుమందు మోతాదు విని రాసుకున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అయితే అన్నింటిలోనూ మాట పైనుంచి కిందికే వచ్చింది. పైకి పోయిన మాట ఉత్తరం రూపంలో పోయింది, చదివేవాళ్లు దయ తలిస్తే గాలిలోకి వచ్చింది. ఒక చేలోని పని ఇంకో చేలోని మనిషికి నేరుగా కనపడే దారి సంతలోనో తిరునాళ్లలోనో తప్ప లేదు.

2006లో బెంగళూరులో రికిన్ గాంధీ బృందం మొదలుపెట్టిన డిజిటల్ గ్రీన్ ప్రయోగం ఈ సంగతినే పట్టుకుంది. నటులూ నిపుణులూ కాకుండా ఆ ప్రాంతపు రైతుల చేతనే పని చేయించి, వీడియో తీసి, చిన్న ప్రొజెక్టరుతో పక్క ఊళ్లో చూపించారు. తర్వాత మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పనిలో కూడా ఆ వీడియోలు తిరిగాయి. చూసినవాళ్లు తరచుగా అడిగే మొదటి ప్రశ్న మందు గురించి కాదట. ఆ రైతు పేరేంటి, ఏ ఊరు? అని అడిగేవాళ్లట. నాకిది చాలా నచ్చింది. మనవాళ్లు మాటను తూచేముందు మనిషిని తూస్తారు. ఎంత భూమి, నీళ్లున్నాయా, నల్లరేగడా ఎర్రనేలా, అప్పు చేసి పెట్టాడా, ఉన్నది పెట్టాడా. ఇవన్నీ తేలితే గానీ అతను చెప్పిన మోతాదు తనకు పనికొస్తుందో లేదో తెలియదు.

ఇక్కడ ఒక వీడియో గురించి కొంచెం నిదానంగా చెప్తాను. ఆళ్లగడ్డ దాటాక ఎక్కడో తీసింది, ఊరి పేరు చెప్పను. మనిషిది నడివయసు. పప్పుశనగ విత్తుతున్నారు. ట్రాక్టరు గొర్రు ఆగి ఉంది. ఆయన వంగి సాలులో చెయ్యి పెట్టి, పైమట్టి పక్కకు తోసి, లోపలి మట్టి పిడికెడు తీస్తాడు. పిడికిలి బిగిస్తాడు. తెరుస్తాడు. మట్టి ఉండ కట్టింది. బొటనవేలితో నొక్కితే పగిలింది. "సూడండి, ఇదీ పదను. చేతికి అంటుకుంటే ఇంకా ఆగల్ల. ఉండ కట్టకపోతే మనం లేటయినట్టే" అంటాడు. అంతే. తర్వాత గొర్రు ఎంత లోతుకు దిగుతోందో చూపించడానికి సాలులో ఒక పుల్ల గుచ్చి, తీసి, పుల్ల మీద తడి ఎక్కడిదాకా ఉందో ఫోనుకు దగ్గరగా పెడతాడు. ఫోను తేరుకునేదాకా బొమ్మ మసగ్గా ఉంటుంది. వెనక ట్రాక్టరు డ్రైవరు "అయిందా అన్నా?" అని కేకేస్తాడు.

మన నల్లరేగడిలో రబీ శనగ కథంతా ఆ పిడికిట్లో ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తాక వాన పడినా పడకపోయినా, నేల దాచుకున్న తడి మీదనే పైరు మూడు నెలలు బతకాలి. పైపైన వేస్తే గింజ ఎండిపోతుంది. మరీ లోతుగా పోతే మొలక రాదు. సాగు పుస్తకాల్లో ఇది 'తగినంత తేమ ఉన్నప్పుడు' అనే మూడు ముక్కల్లో అయిపోతుంది. తగినంత అంటే ఎంత? పాతికేళ్ల కుర్రాడు నాన్న పక్కన నిలబడి నేర్చుకోవాల్సింది. ఆ నాన్న ఇప్పుడు లేకపోవచ్చు, లేదా కుర్రాడు బెంగళూరులో ఉండి సంక్రాంతికి మాత్రమే రావచ్చు. ఆ లోటు కొంతైనా ఈ వీడియో తీరుస్తోంది. ఆయన దిగుబడి చెప్పలేదు, లాభం చెప్పలేదు, తన ఫోటో మీద పసుపు అక్షరాలతో లక్షలు రాసుకోలేదు. అందుకేనేమో దాన్ని చూసినవాళ్లు కూడా ఎక్కువమంది లేరు.

లక్షల సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 'ఎకరాకు పది లక్షలు', 'ఉద్యోగం వదిలేసి కోట్లు' అనే బాపతు వీడియోల మీద పెద్దలకు చాలా కోపం. నాకూ ఉంది. ఆ పంట మొక్కలు అమ్ముకునేవాడే చాలాసార్లు ఆ లక్షల కథ చెప్తుంటాడు. కానీ ఈ రోగం ఫోనుతో వచ్చిందంటే ఒప్పుకోను. ఈము పక్షులు గుర్తున్నాయా? మన రాష్ట్రంలో రైతులు అప్పులు తెచ్చి ఈములు పెంచినప్పుడు చేతుల్లో ఈ ఫోనులు లేవు. కరపత్రాలూ సమావేశాలూ చాలాయి. కొనేవాడు లేక ఆ పక్షులకు మేత వేయలేని స్థితి 2012 నాటికే వచ్చేసింది. ఆశ పెట్టేవాడికి ఏ సాధనమైనా ఒకటే. కనీసం ఇప్పుడు, మునిగినవాడు కూడా వీడియో పెడుతున్నాడు. పత్తికొండలో టమాటా ధర పడిపోయి రోడ్డు మీద పారబోసినప్పుడల్లా ఆ ఎర్రటి రోడ్డును మనం చూస్తున్నది అక్కడున్నవాళ్ల ఫోనుల్లోంచే.

నాకు ఇంకాస్త చిక్కుగా కనిపించేది వేరే ఉంది. యూట్యూబులో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది చందాదారులు, పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటల వీక్షణ అని 2018లో ఒక గీత గీశారు. ఆ గీత దాటాలన్నా, దాటాక అక్కడ నిలబడాలన్నా ఆగకుండా వీడియోలు పెడుతూ ఉండాలి. వర్షాధారపు శనగ చేనులో ఆగకుండా ఏముంటుంది చూపించడానికి? విత్తడం ఒక రోజు. ఒకటి రెండుసార్లు సాళ్ల మధ్య గుంటక తోలడం. పచ్చపురుగు కనిపిస్తే మందు కొట్టడం. ఫిబ్రవరిలో కోత. మిగతా రోజులన్నీ మబ్బు కేసీ, మొక్క కేసీ చూసే రోజులే. ఆ ఎదురుచూపును ఎవరూ వీడియో తీయరు. తీస్తే చూడరు.

అందుకే మన ప్రాంతపు ఛానళ్లను గమనించండి. పంటతో మొదలై మెల్లగా పాడి మీదికి జరుగుతాయి, ఎందుకంటే గేదె రోజుకు రెండుసార్లు పాలిస్తుంది. లేదా కొత్త ట్రాక్టర్ల మీదికి పోతాయి. లేదా బండలాగుడు పోటీల మీదికి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అంటూ గిత్తల పళ్లను బట్టి జరిగే ఆ పోటీలను ఇప్పుడు పొద్దున నుంచి రాత్రి దాకా ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారు. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మన మనిషి, టెక్సాస్‌లో కంప్యూటరు ముందు కూర్చున్న మన పిల్లోడు ఏ ఊరి జత ఎన్ని అడుగులు లాగిందో ఇక్కడివాళ్లకన్నా ముందే చెప్తారు. నేనూ చూస్తాను, గిత్త కాలు తన్నిపెట్టి బండ కదిపే క్షణంలో నేనూ కుర్చీలోంచి లేస్తాను. కానీ ఒంగోలు గిత్తను ఇన్ని గంటలు చూస్తున్న మనం, దాన్ని చేలో చూసి ఎన్నాళ్లయిందో ఆలోచించండి. మడక దున్నే ఎద్దు మన ఊళ్లలో చాలావరకు వెళ్లిపోయాకే పోటీ గిత్త తెర మీద ఇంత పెద్దదైంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో మొక్కజొన్న, సోయా పండించే జాక్ జాన్సన్ అనే రైతు తన ట్రాక్టరు క్యాబిన్‌లోంచి రోజువారీ పనిని చూపించి పేరు తెచ్చుకున్నాడు. పంటకన్నా వీడియోల మీదే ఎక్కువ వస్తోందని తనే చెప్పాడు. చైనాలో లీ జీచీ పల్లె పనిని పట్టువస్త్రమంత అందంగా చూపించింది. 2021లో తన సంస్థతో తగాదా వచ్చి మూడేళ్లు కనపడకుండా పోయి, 2024లో తిరిగి వచ్చింది. మొదటాయన దగ్గర యంత్రం ఎక్కువ, రెండో ఆమె దగ్గర అందం ఎక్కువ. అప్పు ఇద్దరి దగ్గరా తెర మీదికి పెద్దగా రాదు. మన పిల్లలు ఇద్దరినీ చూస్తున్నారు, ఇద్దరి పద్ధతులనూ పట్టుకుంటున్నారు. డ్రోను ఎగరేసి పైనుంచి చేను చూపించడం మొదటివాళ్ల నుంచి వచ్చింది. మట్టి పిడతలో పులుసు మరిగించి పొగ మీద సూర్యుణ్ణి పెట్టడం రెండోవాళ్ల నుంచి.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు మాటకు వస్తాను. ఈ వీడియోల్లో ఫోను ఎక్కడుంటుందో గమనించారా? గట్టు మీద. మనుషులు పనిచేస్తుంటే గట్టు మీద నిలబడి తీస్తారు. గట్టు మీద నిలబడేది ఎవరు? చేను గలాయన. లేదా ఆయన కొడుకు.

శనగ కోతనే తీసుకుందాం. ఇరవై ఏళ్ల కిందట మన దగ్గర శనగను చేత్తో పీకేవాళ్లు. చీకటి ఉండగానే పోయేవాళ్లు. పొద్దెక్కితే కాయలు ఎండి రాలిపోతాయి, మంచు తడి ఉండగానే పని అయిపోవాలి. ఆ మంచుతోనే ఇంకో బాధ. శనగ ఆకు మీద పులుపు ఉంటుంది. మన దేశంలో చాలాచోట్ల చేను మీద బట్ట పరిచి, ఆ మంచును పిండి పులుపు నీళ్లను మందుకు వాడేవాళ్లు. అదే పులుపు పొద్దంతా పీకే ఆడమనిషి చేతివేళ్ల సందుల్లోకి దిగుతుంది. చేతులకు గుడ్డలు చుట్టుకునేవాళ్లు. ఇంటికి పోయి అన్నంలో కారం కలుపుకోవాలంటే ఎట్లుంటుందో అడిగితే చెప్తారు.

తర్వాత నంద్యాల పరిశోధనా స్థానం ఎన్‌బీఈజీ 47 అనే రకం తెచ్చింది. ధీర అని పేరు పెట్టారు. 2015లో విడుదలైంది. మొక్క నిటారుగా, ఎత్తుగా ఉంటుంది. కాయలు నేలకు బాగా పైన పడతాయి కాబట్టి యంత్రంతో కోయొచ్చు. మన దేశంలో యంత్రపు కోతకు తగిన తొలి శనగ రకంగా దాన్ని చెప్పుకుంటారు. గొప్ప పనే. ఆడవాళ్ల చేతులు కాలడం తగ్గింది, రైతుకు కోత ఖర్చు తగ్గింది. యంత్రం చేనులో దిగితే చూడముచ్చటగా ఉంటుంది. అందుకే ఫిబ్రవరిలో మన ప్రాంతపు వీడియోలన్నీ ఆ యంత్రం చుట్టే తిరుగుతాయి. ఎకరా ఎంతసేపట్లో అయింది, గంటకు బాడుగ ఎంత, గింజ పగిలిందా లేదా. అన్నీ పనికొచ్చే మాటలే. ఆ చేతుల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. కోత రోజుల కూలి పోయిన ఆడవాళ్లు ఆ నెలలో ఏం పనికి పోతున్నారు, ఎక్కడికి పోతున్నారు? పడమటి కర్నూలు నుంచి గుంటూరు మిరపకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయే బండ్లలో మన వైపు వాళ్లూ ఎక్కుతున్నారా? గట్టు మీది ఫోనుకు ఇది కనపడదు.

పత్తి విత్తనం సంగతి ఇంకా ఉంది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి హెచ్–4 ను విడుదల చేశాక, హైబ్రిడ్ విత్తనం చేయడం మన నంద్యాల, ఆళ్లగడ్డ చేలల్లో పెద్ద పని అయింది. మనవాళ్లు దాన్ని క్రాసింగ్ అంటారు. ఆ పని చూడనివాళ్ల కోసం చెప్తాను. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం గుర్తుపట్టాలి. బొటనవేలి గోటితో రెక్కలు చీల్చి, లోపలి పుప్పొడి తొడుగును ఊడదీయాలి. నడిమి కీలాగ్రం మాత్రం చెదరకూడదు. గోరు కొంచెం లోతుకు పోతే పిందె పోయినట్టే. మర్నాడు పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి ఆ కీలాగ్రానికి రుద్దాలి. ఒక్కో పువ్వుకు ఇంతే. పొద్దున, సాయంత్రం, నెలల తరబడి. ఈ పనిలో బడి వయసు ఆడపిల్లలను పెడుతున్నారని 2000 ప్రాంతం నుంచి దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు రాశారు. పెద్ద కంపెనీలు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

క్రాసింగ్ ఎలా చేయాలో చూపించే వీడియోలు ఇప్పుడు దొరుకుతాయి. రెండు చేతులు కనిపిస్తాయి. గోరు, మొగ్గ, పుప్పొడి చాలా దగ్గరగా, స్పష్టంగా కనిపిస్తాయి. చేతుల వెనకున్న మొహం కనపడదు. మాట మగగొంతుది. పనిని ఇంత బాగా చూపించి, పని మనిషిని ఇంత జాగ్రత్తగా తప్పించడం కావాలని చేసిందనుకోను. వాళ్లింట్లో ఎప్పుడూ ఆ పనిని అలాగే చూశారు, ఫోను కూడా అలాగే చూసింది.

ఇలాంటి చూపును తిప్పినవాళ్లు మన తెలుగువాళ్లలోనే ఉన్నారు, అదీ యూట్యూబు పుట్టకముందే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో పి.వి. సతీష్ నడిపిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చదువురాని దళిత ఆడవాళ్లు, కూలి చేసి బతికేవాళ్లు, వీడియో కెమెరాలు పట్టడం నేర్చుకున్నారు. 2003 నాటికి వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు మండిపడుతున్నారో సినిమా తీశారు. 2008 అక్టోబరులో దగ్గర్లోని మాచనూరులో వాళ్ల సంఘం రేడియో మొదలైంది. కెమెరా కోణాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు సినిమా బడిలో నేర్పేవి కావు. పైనుంచి కిందికి చూసేది పటేలు షాటు. కిందినుంచి తలెత్తి చూసేది బానిస షాటు. కళ్లకు సరిసమానంగా పెట్టి తీసేది సంఘం షాటు. తాము తీసేది సంఘం షాటే అని ముందే నిర్ణయించుకున్నారు. చేనులో కూర్చుని కలుపు తీసే మనిషిని తీయాలంటే తీసేవాళ్లూ చేనులో కూర్చోవాలి. ఆ ఇంగితం వాళ్లకు ఉంది, డ్రోను కొన్న మన పిల్లోడికి ఇంకా రాలేదు.

గుత్తకు చేసేవాళ్ల సంగతి కూడా ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మన దగ్గర శనగ వేసే భూమిలో గుత్త భూమి తక్కువేం కాదు. "ఈ పొలం నేను చేస్తాండా" అని గుత్తదారు ఫోను ముందు నిలబడి చెప్పడం ఎప్పుడైనా విన్నారా? గుత్తదారుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. రెండో చట్టంలో సాగుదారు కార్డు కావాలంటే భూమి గలాయన సంతకం కావాలి. కాగితం మీద సంతకానికే వెనకాడే భూమి యజమాని వీడియో సాక్ష్యానికి ఒప్పుకుంటాడా? అందుకని పొలం చేసే మనిషి వీడియో పెట్టడు. పెట్టినా పొలం ఎవరిదో చెప్పడు. అప్పు, గుత్త, కూలి, ఈ మూడు అంకెలూ లేకుండా చెప్పిన లాభం లెక్కను సారు దగ్గరికి తీసుకుపోతే ఆయన కాగితం తిరగేసి ఇచ్చేవారు.

ఇంత చెప్పినా ఈ వీడియోలు మానేయమని నేనెవరికీ చెప్పను, నేనూ మానను. గేదెల కొట్టంలో ఆయన భార్య పాలు పితుకుతూ, ఆయన లీటర్లు తప్పు చెప్తే అటు తిరిగే దిద్దుతుంది. ఎడిటింగులో ఆ ముక్క తీసేయాలని ఆయనకు తోచదు. పుట్టెడు ధాన్యానికి ఖర్చెంతయిందో చెప్తూ ఒకాయన మధ్యలో ఆగి, "వడ్డీ కలిపినానా?" అని తనను తానే అడుగుతాడు. తెలియకుండా దొర్లిపోయే ఇలాంటి చోట్లే పని బయటపడుతుంది. రికార్డులు రాసే అధికారికి ఇవి దొరకవు. నూరేళ్లు దాటిన మన పరిశోధనా స్థానం దస్త్రాల్లో రకాల పేర్లూ దిగుబడులూ ఉన్నాయి. ఆ చేలల్లో ఏ పూట ఎవరు ఏం చేశారో రాసిన దస్త్రం ఎక్కడుంటుంది? ఫోనుల్లో ఉంది. ఛానలు ఆగిపోతే, పాస్‌వర్డు మరిచిపోతే, కంపెనీ రూలు మారిస్తే అదీ ఉండదు. టిక్‌టాక్‌తోపాటు మన రైతులు తీసుకున్నవి ఎన్ని పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఈ పట్టణంలో కాలేజీలున్నాయి, చరిత్ర చదివే పిల్లలున్నారు. ఒక హార్డ్‌డిస్కు కొని, అడిగి అనుమతి తీసుకుని, మన మండలాల వీడియోలను తేదీ, ఊరు, పంట రాసి దాచిపెట్టడం పెద్ద ఖర్చు పని కాదు. నిర్వాహకులు వచ్చే ఏడు ఉపన్యాసానికి పెట్టే శాలువాల డబ్బుతో అయిపోతుంది.

తీసేవాళ్లకు ఒక కోరిక. మీలో కొందరు ఇక్కడ ఉన్నారు, వెనక వరసలో ఫోను పైకెత్తి ఇదీ తీస్తున్నారు, సంతోషం. వచ్చే ఫిబ్రవరిలో శనగ చేలోకి యంత్రం దిగుతుంది. యంత్రం తిరగలేని మూలలు, గట్ల వెంబడి మిగిలే మొక్కలు ఇప్పటికీ చేత్తోనే పీకాలి. ఆ పనికి ఇద్దరో ముగ్గురో ఆడవాళ్లు వస్తారు, యంత్రం వెళ్లాక. ఆ వీడియో నాకింకా ఎక్కడా కనపడలేదు. ఎవరైనా తీయండి. గట్టు దిగి, సాలులో కూర్చుని తీయండి. కూలి ఎంతో, మధ్యాహ్నం అన్నం ఎవరు పెట్టారో, పోయిన ఏడు ఇదే నెలలో ఎన్ని రోజుల పని దొరికిందో వాళ్లనే చెప్పనివ్వండి. వాళ్లు వద్దంటే ఫోను జేబులో పెట్టుకోండి. ఒప్పుకుంటే వాళ్ల పేర్లు, ఊరు కూడా చెప్పమనండి. చూసేవాళ్లు మొదట అడిగేది అదే.